పలక, తాడు, సీల

జనవరి 7

పడవ వచ్చింది. వాకిట్లో ట్రైలరు మీద ఉంది. చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాం. పద్నాలుగడుగులు. హుస్సేన్‌సాగర్‌లో కొన్నేళ్లు తిరిగిందట. అమ్మినాయన ఫోనులో రెండు ముక్కలు చెప్పాడు: తెరచాప కొత్తది, పలక కాస్త బిగువు. తెరచాప పాతదే.

ఎదురింటాయన చుట్టూ తిరిగి చూశాడు.

"మోటారు యాడుంది సార్?"

లేదన్నాను.

"మరెట్టా పోద్ది?"

గాలికి.

వేపచెట్టు వైపు చూశాడు. ఆకు కదల్లేదు. ఇంట్లోకి పోయాడు.

జనవరి 9

డాగర్‌బోర్డు. పడవ నడుమ నిలువునా ఒక గాడి, చుట్టూ పెట్టె. అందులోంచి కిందికి దిగే పలక. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు. లోపల కొయ్య, పైన ఫైబరు. ముందంచు గుండ్రం, వెనకంచు పల్చన. నీళ్లలోకి దింపితే పడవ గాలికి పక్కకు జారదు. ముందుకు పోతుంది. దాని పని అంతే.

మిగిలిన కాలమంతా అది పైన ఉండాలి. రోడ్డు మీద, ఒడ్డు మీద, లోతు లేనిచోట. పడవ జీవితంలో ఎక్కువ భాగం రోడ్డు, ఒడ్డు, లోతు లేనిచోటు.

జనవరి 12

వీధి చివరిదాకా లాగి చూశాం. కారు బావమరిదిది. ఈ వీధిలో స్పీడు బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్నవి. ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఇల్లు కట్టాక ఎంత సిమెంటు మిగిలిందో అంత.

పలకను తాడుతో పైకి లాగి కట్టాం. వీధి చివర దిగి చూస్తే రెండంగుళాలు కిందికొచ్చి ఉంది. ముడి జారలేదు. తాడు సాగింది. నైలాను. బరువుకు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, ఎండితే కొంత వెనక్కి పోతుంది. మొత్తం పోదు.

తాడు ఎత్తడానికి. ఆపడానికి ఇంకోటి కావాలి.

జనవరి 13

భోగి. తెల్లవారుజామున పిల్లలు పాత చెక్కల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. విరిగిన కుర్చీ ఇచ్చాను. వాళ్ల చూపు పలక మీద ఉంది. గోనెపట్ట కప్పి అక్కడే కూర్చున్నాను, మంట ఆరేదాకా.

జనవరి 15

కనుమ. గారెలు.

"బావా, దీంతో చేపలు పడతావా?"

లేదు.

"జనాన్ని ఎక్కించి తిప్పుతావా? తలకింత అని?"

లేదు.

"మరి?"

ఇంకో గారె వేసుకున్నాను.

జనవరి 19

తుమ్మలపెంట సముద్రపు ఒడ్డు. ఆదివారం, జనం. ఇసక మీద చచ్చిన తాబేలు. ఆలివ్ రిడ్లే. ఈ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తాయి. వలలో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేవు. పక్కనే ఒక కుటుంబం సెల్ఫీ తీసుకుంటోంది. తాబేలు కూడా పడేటట్టు కాస్త జరిగారు.

ఫైబరు బోట్లు వరసగా. అన్నిటికీ మోటార్లు. ఒక్కదానికీ తెరచాప లేదు. నీలం టార్పాలిన్ నీడలో ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నాడు. పల్లెపాలెం మనిషి. ఎనభైకి అటూ ఇటూ. పడవ ఫొటో చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా చూశాడు.

"ఇది పలకే కదా" అన్నాడు.

జనవరి 20

మళ్లీ వెళ్లాను. పెద్దాయన తెప్ప మీద తెరచాపతో పోయినవాడు. మోటార్లు రాకముందు. దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్లతో కట్టిన తెప్ప. గాలి అడ్డంగా ఉన్న రోజు దుంగల సందులో ఒక పలక దింపేవాళ్లట.

"ఎత్తినాక ఎట్టా ఆపేవాళ్లు పెద్దాయనా?"

"కాలితో."

"కాలు పట్టకపోతే?"

"రెండో కాలు."

జనవరి 24

జేమ్స్ హార్నెల్. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన ఇంగ్లీషాయన. 1920లో భారతదేశపు పడవల మీద పెద్ద వ్యాసం అచ్చేశాడు. కోరమాండల్ తీరపు తెప్పలు, దుంగలు, కట్లు, అన్నీ వరసపెట్టి. పెద్దాయన అప్పటికి పుట్టలేదు. కాలి సంగతి ఎవరినడిగి ఉంటాడో.

జనవరి 27

ట్రంకు రోడ్డు. ట్రాక్టరు సామాన్ల కొట్టు. పిన్ను కావాలన్నాను. పన్నెండు మిల్లీమీటర్లది, చివర రింగు క్లిప్పు ఉన్నది.

"ఏ ట్రాక్టరుకన్నా?"

"పడవకి."

"పడవ లాగే ట్రాక్టరుకా?"

"పడవకే."

లోపలికి పోయి నాలుగు రకాలు తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు. ఇనుపవి మూడు, స్టీలుది ఒకటి. స్టీలుది అరవై రూపాయలు. ఉప్పునీళ్లు అన్నాను. ఇనుపవి మూడూ తనే లోపలికి తీసుకుపోయాడు. బిల్లులో రాసింది: ట్రాలీ సీల, 1.

ఫిబ్రవరి 2

వడ్రంగి. పలకకు చిల్లి వేయాలి. నేరుగా వేస్తే లోపలి కొయ్యకు నీళ్లు తగులుతాయి. కొయ్య ఉబ్బుతుంది, పలక గాడిలో ఇరుక్కుంటుంది. అందుకని పెద్ద చిల్లి వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, ఎండాక ఆ ముద్దలో చిన్న చిల్లి వేయాలి. అప్పుడు సీల కొయ్యను తాకదు.

రెండుసార్లు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"చిల్లి పెట్టి, పూడ్చి, మళ్లీ చిల్లి."

"అవును."

"కూలీ రెండు చిల్లులకి. పూడ్చినందుకు మీ ఇష్టం."

ఫిబ్రవరి 5

పలకకు రెండు చిల్లులు. కిందది పూర్తిగా ఎత్తినప్పటికి, అంటే రోడ్డుకు. రెండోది నడిమికి, సగం ఎత్తినప్పటికి. సీల దూర్చితే దాని రెండు చివరలూ పెట్టె అంచుల మీద ఆనుకుంటాయి. బరువంతా సీల మీద, సీల పెట్టె మీద, పెట్టె పడవ మీద, పడవ ట్రైలరు మీద. తాడు వదులుగా వేలాడుతోంది. దానికి పని లేదు. తీసేయబుద్ధి కాలేదు.

సాయంత్రం వీధి చివరిదాకా. కొత్త స్పీడు బ్రేకరు ఒకటి పుట్టింది. పలక కదల్లేదు.

ఫిబ్రవరి 6

ఎత్తి సీల పెట్టిన పలక మీద మా ఆమె తుండ్లు ఆరేసింది. నాలుగు పడతాయి.

ఫిబ్రవరి 12

మాఘ పౌర్ణమి. సముద్ర స్నానాలకు తుమ్మలపెంటకు ఆటోలు ఆటోలుగా జనం. ఇంత రద్దీలో పడవ దింపలేం. ట్రైలరు రోడ్డు పక్కన పెట్టి టీ తాగి వచ్చేసరికి పలకకు పసుపు, మూడు కుంకుమ బొట్లు. పడవకు లేవు. పలకకే. నిలువుగా ఉంది, పైన ఉంది, చాలు.

ఇంకొకామె కొబ్బరికాయ పట్టుకుని వస్తోంది. ట్రైలరు మెల్లిగా ముందుకు లాగించాను.

"తుడవొద్దండీ" అంది ఇంటికొచ్చాక మా ఆమె.

ఫిబ్రవరి 16

బకింగ్‌హామ్ కాలువ. సముద్రానికి సమాంతరంగా పోయే ఉప్పునీటి దారి. 1877-78 కరువులో మద్రాసు నగరంలో మిగిలిన ముక్క తవ్వి కలిపాక అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఈ కాలువలో ఉప్పు, ధాన్యం, కట్టెలు పోయేవి. గాలి ఉంటే తెరచాప. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగేవాళ్లు. 2008లో జాతీయ జలమార్గం-4లో ఇదీ ఒక భాగమైంది.

జాతీయ జలమార్గంలో గేదెలు నిలబడి ఉన్నాయి. నీళ్లు మోకాలి దాకా. గేదె మోకాలు.

పలక పూర్తిగా దిగాలంటే మూడడుగుల లోతు కావాలి. సగం చిల్లికి సీల పెట్టి దింపాం. అయినా అడుగు తగిలింది. ఇరుసు మీద తిరిగే సెంటర్‌బోర్డయితే దెబ్బ తగలగానే వెనక్కి మడుచుకుంటుంది. ఇది మడవదు. నిలువుగా దిగింది నిలువుగానే ఎక్కాలి. ఇసకైతే రాసుకుంటూ పోతుంది. ఇక్కడ బురద. పడవ ఆగి, పలక చుట్టూ మెల్లిగా తిరిగింది. గేదెలు కూడా అటే తిరిగి చూశాయి.

గట్టు మీద పిల్లాడు: "తాతా, పార్కింగా?"

ఫిబ్రవరి 18

గాడి కడిగాను. పడవను పక్కకు వాల్చి, పైనుంచి పొడుగు కర్రతో పొడిచి. రాలినవి: బురద, గవ్వలు, రొయ్యల మేత సంచి పీలిక, చిన్న గులకరాయి ఒకటి. ఆ రాయే. పలకకూ పెట్టెకూ మధ్య దూరితే ఎంత లాగినా రాదు. ఇంకా కింది నుంచి ఒక జడపిన్ను. కాలువది కాకపోవచ్చు. హైదరాబాదుది.

ఆమె పిన్ను చూసి ఏమీ అనలేదు. కిటికీ మీద పెట్టింది.

ఫిబ్రవరి 23

కాలువలో లంగరు వేసి కూర్చుంటే పలక గాడిలో కొట్టుకుంటోంది. టక్. కాసేపు లేదు. టక్. బిగువు అని అమ్మిన పలక. తడిసినప్పుడు బిగువు, ఎండితే వదులు. గాడిలో సందు పూడ్చాలి. కార్పెట్ ముక్కలు అంటిస్తారు కొందరు. ఉప్పునీళ్లకు అవి కుళ్లుతాయి.

రొయ్యల గుంటల అడుగున పరిచే నల్లటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది. నున్నగా, మందంగా, ఉప్పుకు చెక్కు చెదరదు. గుంట కాపలా అతన్ని అడిగాను. ఏరేటర్ల హోరులో మూడుసార్లు అడగాల్సి వచ్చింది.

"కోస్తే గుంట కారిపోద్ది సార్!"

గుంటలోది కాదు, మిగిలిపోయిన ముక్క.

చాప మందం ముక్క ఇచ్చాడు. డబ్బులొద్దన్నాడు. పడవ ఎక్కిస్తే చాలన్నాడు. ఎక్కాక ఈత రాదన్నాడు.

ఫిబ్రవరి 25

టక్ లేదు. నిద్ర పట్టేంత నిశ్శబ్దం. దూరంగా ఏరేటర్లు.

మార్చి 2

హైదరాబాదు నుంచి మా అన్న మనవరాలు ఫోను. పదేళ్లు. హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ నేర్చుకుంటోంది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన పడవ. 2.3 మీటర్లు. ముక్కు మొండి, చూస్తే పెట్టెలా ఉంటుంది. ప్రపంచమంతా పిల్లలు దాంట్లోనే మొదలుపెడతారు. దానికీ డాగర్‌బోర్డే.

"తాతయ్యా, నీ బోర్డుకి రబ్బరు తాడుందా?"

లేదు, సీల ఉంది.

"సీల పెట్టుకున్నా రబ్బరుండాలి. మా సార్ ఒప్పుకోడు."

ఎందుకు?

"పడవ బోల్తా కొడితే?"

ఈ నెల వాళ్లకు బోల్తా కొట్టడం నేర్పుతున్నారట. కావాలని కొట్టిస్తారు. బోల్తా పడ్డాక పలక మీద ఎక్కి నిలబడి, పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలితే లేస్తుంది. ఆమెకది చాలా ఇష్టం. మిగిలిన సెయిలింగ్ ఫర్వాలేదంది.

మార్చి 3

పిల్ల చెప్పింది కాగితం మీద గీసి చూశాను. పడవ పూర్తిగా తలకిందులైతే పైకీ కిందికీ చోట్లు మారిపోతాయి. దింపి ఉన్న పలక ఇప్పుడు ఆకాశంలోకి ఉంటుంది. తన బరువుకు తనే గాడిలోంచి జారి, మనం కూర్చునే వైపు నుంచి నీళ్లలోకి పోతుంది. తేలుతూ వెళ్లిపోతుంది. నిలబడటానికి ఏమీ ఉండదు.

పైకి పోకుండా ఒకటి, కిందికి పోకుండా ఒకటి.

మార్చి 4

పంక్చరు షాపు. పాత సైకిల్ ట్యూబు. పిల్లలు ఉండేలుకు అడుగుతారట, ఈ వయసు వాళ్లు అడగడం ఇదే మొదలట. రెండు వేళ్ల వెడల్పున చుట్టూ కోస్తూ పోయాడు, ఒకే పొడుగు పట్టీ వచ్చింది. పలక తల నుంచి తెరచాప కొయ్య మొదలుకు బిగించాను. లాగితే వస్తుంది, వదిలితే పట్టుకుంటుంది. పలకను ముందంచుకు అదిమి ఉంచుతుంది కూడా. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది, సీల లేకపోయినా. నీళ్ల మీద ఇది చాలు. రోడ్డు మీద చాలదు.

లేజర్ వాళ్లు కూడా ఇట్లాగే కడతారు. బ్రూస్ కర్బీ గీసిన పడవ, ఒలింపిక్స్‌లో ఉంది. 2019లో పేరు ఐఎల్‌సీఏ అయింది. అందరూ ఇంకా లేజర్ అనే అంటున్నారు. వాళ్లు కొనే రబ్బరు తాడు ఖరీదు చూశాను. ట్యూబు ఇరవై రూపాయలు.

మార్చి 11

పెద్దాయనకు కాన్-టికీ కథ చెప్పాను. 1947. థోర్ హెయర్‌డాల్ అనే నార్వే ఆయన, పెరూ నుంచి పసిఫిక్ మీద బల్సా దుంగల తెప్ప. 101 రోజులు. దుంగల సందుల్లో పలకలు దింపి కట్టేశారు. వాటిని ఎత్తుతూ దించుతూ తెప్పను తిప్పుకోవచ్చని వాళ్లకు అప్పటికి సరిగా తెలీదు. గాలి ఎటు తోస్తే అటు పోయారు. 1953లో ఈక్వడార్‌లో అక్కడివాళ్ల పద్ధతిలో చేసి చూస్తే తెప్ప గాలికి ఎదురు కూడా పోయింది. ముందు పలక దించితే ముక్కు గాలి వైపు తిరుగుతుంది, వెనక పలక దించితే గాలి నుంచి తప్పుకుంటుంది.

"పెరూ యాడుంది?"

చెప్పాను.

"ఎంతమంది పొయ్యారు?"

ఆరుగురు.

"పన్నెండు కాళ్లు" అన్నాడు. వల వైపు తిరిగాడు.

మార్చి 16

ఈ రోజు సముద్రం.

పొద్దున ఆరు. పడమటి గాలి, వీపు తట్టినంత. అలలు చిన్నవి. పెద్దాయన, ఆయన మనవడు, నేను, కాపలా అతను. తోస్తున్నంతసేపు పలక పూర్తిగా పైన, సీలతో. ఒడ్డు అలలు విరిగేచోట పలక దిగి ఉంటే ఇసక పట్టుకుంటుంది, వెనకనుంచి వచ్చే అల పడవను దాని మీద తిప్పుతుంది. పెట్టె చీలుతుంది. పడవ అడుగున చీలిక అంటే ఆ రోజుకు అంతే.

అలలు దాటాక దింపాలి. ఎప్పుడు? నడుం లోతు అని పుస్తకాలు. పెద్దాయన ఒడ్డు మీద నిలబడి చేతులు అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దు అని. మూడో వరస అల కింద నుంచి పోయింది. చెయ్యి దించాడు. సీల తీశాను, పలక దిగింది. గట్టిగా, ఒక్కసారిగా. అప్పటిదాకా పక్కకు జారుతున్న పడవ గుర్తొచ్చినట్టు ముందుకు పోయింది.

సీల జేబులో వేసుకున్నాను. తర్వాత జేబులోంచి తీసి తాడుకు కట్టాను. మనవడు చూసి, "అదిట్టీ, నేను పట్టుకుంటా" అన్నాడు. ఇవ్వలేదు.

పదకొండుకు సముద్రగాలి మళ్లింది. వెనక నుంచి గాలి. ఇప్పుడు పలక మొత్తం అక్కర్లేదు. దింపి ఉంటే నీళ్లకు అడ్డం. సగం ఎత్తాను. ఎత్తిన సగం పడవలో మెడ ఎత్తు నిలబడింది. గాలి కాస్త మారి తెరచాప అటు నుంచి ఇటు వచ్చినప్పుడు అడ్డకొయ్య దానికి కొట్టుకుంది. పెద్ద చప్పుడు. ఒడ్డు మీద వాళ్లు నా తల అనుకున్నారు. ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

మార్చి 17

అడ్డకొయ్యను నాలుగంగుళాలు పైకి కట్టాను.

మార్చి 30

ఉగాది. గుళ్లో పంచాంగ శ్రవణం. మా రాశికి నీటి విషయంలో జాగ్రత్త అన్నారు. కొళాయి నిన్నటి నుంచి రావడం లేదు.

ఏప్రిల్ 4

లేడీ నెల్సన్. 1798లో ఇంగ్లండులో కట్టిన అరవై టన్నుల చిన్న ఓడ. దానికి ఒకటి కాదు, మూడు పలకలు, ముందొకటి, నడుమొకటి, వెనకొకటి. ఎత్తుతూ దించుతూ. జాన్ షాంక్ అనే నౌకాదళ అధికారి ఆలోచన. ఎత్తితే లోతు లేనిచోటికీ పోతుంది కాబట్టి ఆస్ట్రేలియా తీరం కొలవడానికి పంపారు. రేవులో నావికులు చూసి నవ్వి, రాజుగారి చకుముకి పెట్టె అని పేరు పెట్టారు. 1800 చివరలో సిడ్నీ చేరింది.

షాంక్ మొదటి పడవ అంతకు పాతికేళ్ల ముందు బోస్టన్‌లో చేశాడు. తెప్పల మీద ఆ పని ఎప్పటినుంచో. వాళ్లు ఎవరికీ రాసి పంపలేదు.

ఏప్రిల్ 10

పెద్దాయన ఇంట్లో వంజరం పులుసు. పిలిచాడు, వెళ్లాను. పెరట్లో కోడలు చేపలు కోస్తోంది. కత్తిపీట కింద ఒక పలక. నల్లగా, నూనె పట్టి, పొలుసులతో. ముందంచు గుండ్రం, వెనకంచు పల్చన.

"ఇది తెప్పదేనా పెద్దాయనా?"

"ఆ."

తిప్పి చూశాను. తల దగ్గర ఒక చిల్లి. సరిగ్గా సీల పట్టేంత. సగం రోజు ఆలోచించే విషయం దొరికిందనుకున్నాను.

"దీనికి సీల పెట్టేవాళ్లా?"

"అదా" అంది కోడలు. "గోడకు తగిలిద్దామని నేనే పెట్టించినా."

పులుసు బాగుంది. మామిడికాయ వేశారు.

ఏప్రిల్ 15

నిన్న అర్ధరాత్రి నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం. మోటారు లేని సంప్రదాయ పడవలకు వర్తించదు. ఒడ్డు మీద లెక్కలు రాసుకుంటున్న కుర్రాడు నా పడవ దగ్గర ఆగాడు.

"మెకనైజ్డా సార్?"

కాదు.

"సంప్రదాయమా?"

ఫైబరు. హైదరాబాదు.

"వేటకు పోతారా?"

పోను.

పెన్ను కాగితానికి అరంగుళం పైన ఆగింది. చాలాసేపు. చివరికి ఇతరములు అని రాశాడు.

ఏప్రిల్ 21

బోట్లన్నీ ఒడ్డెక్కాయి. పెద్దాయనకు మాట్లాడే తీరిక దొరికింది. 1989 తుఫాను. నవంబరు 9. రికార్డుల్లో దానికి కావలి తుఫాను అనే పేరు. థాయిలాండు సింధుశాఖలో పుట్టి, అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను తిరగేసి, ఆ ఒక్క ఓడ మీదే 91 మందిని చంపి, భూమి దాటి, బంగాళాఖాతం దాటి, ఇక్కడికి. బయట దాని పేరు గే.

"తెప్ప ఏం చేశారు?"

"తెప్పకేముంది. తాళ్లు విప్పితే దుంగలు. విప్పి ఇంట్లో పెట్టినాం."

"తర్వాత?"

"ఇల్లు పోయింది. దుంగలు ఉండాయి."

మే 4

నలభై దాటింది. పలకకు రంగు వేద్దామని బయటికి తీశాను. వేసి, ఎండలో పెట్టొద్దు, కింద బల్ల మీద పడుకోబెట్టి ఉంచండి అని చెప్పి పని మీద నెల్లూరు వెళ్లాను. వచ్చేసరికి గోడకు ఆనించి ఉంది. పడమటి గోడ. దారికి అడ్డమట.

అరంగుళం వంగింది. గాడిలో సగం దాకా దిగి ఆగుతోంది. తాడు అక్కర్లేదు, సీల అక్కర్లేదు, రబ్బరు అక్కర్లేదు. ఇంత గట్టిగా ఎప్పుడూ ఆగలేదు.

మే 5

ఎవరు ఆనించారో ఎవరూ చెప్పలేదు. మజ్జిగలో ఉప్పు ఎక్కువగా ఉంది.

మే 7

వడ్రంగి సలహా. రెండు ఇటుకల మీద బోర్లా పెట్టి, వంపు పైకి వచ్చేటట్టు, నడుమ బరువు. ఎండలో కాసేపు, నీడలో రాత్రంతా. బరువుకు బియ్యం బస్తాలు. రెండు. ఒక్కోటి 26 కిలోలు. 25 దాకా ఉన్న సంచికి జీఎస్టీ, అందుకని 26. ఆ ఒక్క కిలో పలకకు కలిసొచ్చింది.

మధ్యాహ్నం అన్నానికి బియ్యం కావాలంది ఆమె. పై బస్తా విప్పింది. పూటపూటకూ పలక మీద బరువు తగ్గుతోంది.

మే 10

సరిపోయింది. దాదాపు. నీళ్లలో ఎవరికీ కనపడదు.

మే 20

రాత్రి తుమ్మలపెంట నుంచి ఉత్తరంగా చూస్తే దీపాలు. రామాయపట్నం పోర్టు వైపు. 2022 జులైలో శంకుస్థాపన చేశారు. పెద్ద ఓడల కోసం సముద్రపు అడుగు తవ్వుతారు. ఓడ పైకి లేవదు కాబట్టి నేలను దించుతారు. అదొక పద్ధతి.

మే 28

రోహిణి కార్తె. గాలి లేదు. రోళ్లు పగిలే ఎండ అంటారు. సీల ముట్టుకుంటే కాలింది. గుడ్డతో పట్టుకుని తీశాను.

జూన్ 3

పెళ్లి ఫొటోల వాళ్లు వచ్చారు. ప్రీవెడ్డింగ్. కెమెరాలు మూడు, గొడుగు ఒకటి, పొగ డబ్బాలు. పడవ అద్దెకు అడిగారు. ఇసక మీదే చాలు, నీళ్లు ఎడిటింగులో పెట్టుకుంటారట. తెరచాప ఎత్తించారు. పలక పూర్తిగా పైకి ఎత్తి ఉంచమన్నారు. పెళ్లికూతురు దానికి ఆనుకుని చూపు దూరంగా పెట్టింది. పెళ్లికొడుకు చుక్కాని తప్పు వైపు పట్టుకున్నాడు. నేను చెప్పలేదు. అట్లాగే బాగుందన్నాడు ఫొటోగ్రాఫరు.

"అంకుల్, ఆ పిన్ను మెరుస్తోంది. ఒక్క నిమిషం తీస్తారా?"

తీయనన్నాను. తీస్తే పలక దెబ్బ ఎక్కడ పడుతుందో చూపించాను. పెళ్లికూతురు కాళ్లు ముడుచుకుంది.

"పర్లేదు, ఫొటోలో తీసేస్తాం."

ఆ ఫొటోలో పలక దేని మీద ఆగి ఉంటుందో.

జూన్ 8

పిల్ల మళ్లీ ఫోను. వచ్చే నెల మాన్‌సూన్ రెగట్టా. రబ్బరు కట్టావా అని అడిగింది. సైకిల్ ట్యూబు అన్నాను. కాసేపు మాట లేదు. ఫొటో పంపమంది. వాళ్ల సార్‌కు చూపిస్తుందట.

జూన్ 9

సార్ ఒప్పుకున్నాడు.

జూన్ 14

నిషేధం ఈ అర్ధరాత్రికి అయిపోతుంది. ఐసు బండ్లు, డీజిలు డబ్బాలు, బోట్ల ముక్కులకు నిమ్మకాయలు. ఒడ్డంతా మోటార్లు పరీక్ష చేస్తున్నారు, ఒకటి ఆగితే ఒకటి. పెద్దాయన చెవుల్లో దూది. వల కుట్టడం ఆపలేదు. మనవడు వాళ్ల బోటు మోటారు స్టార్టు చేయడానికి తాడు లాగుతున్నాడు. అంటుకోలేదు. మళ్లీ లాగాడు. నా వైపు చూశాడు.

"నవ్వొద్దు సార్" అన్నాడు.

జూన్ 17

ట్రంకు రోడ్డు. ఇంకో సీల కోసం వెళ్లాను. సగం చిల్లికి ఒకటి, పూర్తి చిల్లికి ఒకటి, విడివిడిగా ఉంటే మంచిది. కొట్టు ముందు అట్టపెట్టె నిండా స్టీలువి. పైన చేతిరాత: పడవ పిన్ను, 75.

"అరవై కదన్నా?"

"అది ట్రాలీ సీల. ఇది పడవది."

ఒకటే కదా అన్నాను.

"ఒకటే. ఉప్పునీళ్లకు తట్టుకుంటాదని చెప్తే ట్రాక్టరోళ్లు కూడా ఇదే అడగతా ఉండారు."

డెబ్బై ఇచ్చాను.